బొటనవేలి కీలులో రెండు స్టెరాయిడ్ సూదులు: ఫిబ్రవరి నుంచి నవంబర్ దాకా నా అనుభవం

నేను కుట్టుపని చేస్తాను. రోజుకు ఐదారు గంటలు కత్తెర, సూది, గుండుసూదులు చేతిలో ఉండాల్సిందే. వయసు 54, కుడిచేతి వాటం. కుడి బొటనవేలి మొదట్లో, మణికట్టుకు ఆనుకుని కండ ఎత్తుగా ఉండే చోట నొప్పి మొదలైతే పని ఎక్కువైందిలే అనుకున్నాను. అలా అనుకుంటూనే ఏడాది దాటించాను.

ముందు కాజాలు కుట్టేటప్పుడు సన్నగా సలిపేది. తర్వాత తాళంచెవి తిప్పితే కళుక్కుమనేది. ఆపైన బాటిల్ మూత, గుండీ, జిప్పు, చివరికి ఫోన్‌లో మెసేజ్ కొట్టడం కూడా కష్టమైపోయింది. ఒక సాయంత్రం మందపాటి గుడ్డ కత్తిరిస్తుంటే కత్తెర జారి పాదం పక్కన పడింది. జారిందనడం కూడా సరికాదు, బొటనవేలే దాన్ని వదిలేసింది. ఆ రాత్రే డాక్టర్‌కు చూపించుకోవాలని అనుకున్నాను.

మొదట చూసిన డాక్టర్ నరం వాపు అన్నారు. బొటనవేలిని పిడికిట్లో పెట్టి చేతిని చిటికెనవేలి వైపు వంచి, నొప్పిగా ఉందా అని అడిగారు. ఉందన్నాను. అప్పటికి ఆ చేతిని ఎటు వంచినా నొప్పే మరి. ఎక్స్-రే తీయలేదు. పూసుకోవడానికి జెల్, చుట్టుకోవడానికి క్రేప్ బ్యాండేజీ, ఆరు వారాలు. ఆ ఆరు వారాలూ నేను కట్టు కట్టింది మణికట్టుకు. బాధ ఉన్న కీలు మాత్రం కట్టు బయటే ఉండిపోయిందని తర్వాత తెలిసింది.

ఫిబ్రవరి 3న చేతుల సమస్యలు మాత్రమే చూసే ఆర్థోపెడిక్ డాక్టర్‌ను కలిశాను. ఆయన నా బొటనవేలి ఎముకను పట్టుకుని, మణికట్టు వైపు కొద్దిగా అదిమి, తిరగలి తిప్పినట్టు తిప్పారు. లోపల ఇసుక నలిగినట్టు కరకరమంది. కుర్చీలోంచి లేచినంత పనైంది. "ఇదే కదూ మీ నొప్పి?" అన్నారు. ఏడాదిగా వేలితో చూపించలేకపోయిన చోటు అది.

ఎక్స్-రే అదే రోజు తీశారు. బొటనవేలి ఎముక, దాని కింద ట్రపీజియం అనే చిన్న ఎముక. జీను మీద మనిషి కూర్చున్నట్టు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయట. అందుకే బొటనవేలు అన్ని వైపులా తిరుగుతుంది, అందుకే అరుగుతుంది కూడా. నాకు ఆ రెండింటి మధ్య గుజ్జు దాదాపు పోయింది, అంచుల్లో ఎముక ముళ్లలా పెరిగింది. కీలు అరుగుదలకున్న నాలుగు దశల్లో మూడోది అన్నారు. చేతి మొదట్లో ఎత్తుగా కనిపించేది వాపు అనుకున్నాను కానీ, ఎముకే పక్కకు జరిగి అలా కనిపిస్తోందట.

ఆయన చెప్పినవాటిలో ఒక లెక్క మనసులో ఉండిపోయింది. బొటనవేలు, చూపుడువేలు కలిపి దేన్నైనా కిలో బలంతో పట్టుకుంటే, వేలి మొదట్లోని ఈ కీలు మీద దాదాపు 12 కిలోల బలం పడుతుంది. ఇంటికొచ్చి ఒక గౌనుకు ఎన్ని గుండుసూదులు గుచ్చుతానో లెక్కపెట్టాను. 60 దగ్గర ఆపేశాను.

సూది వెంటనే ఇవ్వలేదు. ముందు ఆరు వారాలు స్ప్లింట్ (కీలు కదలకుండా పట్టి ఉంచే పట్టీ), చేతి వ్యాయామాలు, జెల్. రెడీమేడ్ స్ప్లింట్ ఒకటి కొంటే పెద్దదైంది, రెండోది కొంటే మణికట్టును బిగించి బొటనవేలిని వదిలేసింది. చివరికి హ్యాండ్ థెరపిస్టు వేడినీళ్లలో మెత్తబడే ప్లాస్టిక్ షీటును నా చేతి మీదే వేసి, ఆకారం తెప్పించి ఇచ్చింది. ముందే ఆమె దగ్గరికి పంపి ఉంటే ఆ రెండింటి డబ్బు మిగిలేది. స్ప్లింట్ ఉంటే నొప్పి తగ్గేది, తీస్తే మళ్లీ మామూలే. అది పెట్టుకుని కత్తెర పట్టడం కుదరదు. కత్తెర పట్టకపోతే నాకు పని లేదు.

మార్చి 20న మళ్లీ వెళ్లినప్పుడు స్టెరాయిడ్ ఇంజెక్షన్ మాట ఎత్తారు. స్టెరాయిడ్ అనగానే నాకు ముఖం ఉబ్బిపోవడం, ఒళ్లు రావడం, మానలేకపోవడం గుర్తొచ్చాయి. అదే అడిగేశాను. "అవి నెలల తరబడి మాత్రలు మింగేవాళ్లకు వచ్చేవమ్మా. ఇది ఒక చుక్క, ఒక కీలులోకి" అన్నారు. తర్వాత నేను అడగని సంగతి కూడా చెప్పారు. అరిగిన గుజ్జు దీంతో తిరిగి రాదు, వాపు మాత్రం తగ్గుతుంది. కొందరికి వారాలు, కొందరికి నెలలు పనిచేస్తుంది, కొందరికి అసలు పనిచేయదు. ఉత్తి సెలైన్ ఎక్కించినవాళ్లతో పోల్చి చూసిన కొన్ని పరిశోధనల్లో ఆరు నెలల తర్వాత తేడా ఏమీ కనిపించలేదట. ఇంత చెప్పాక చేయించుకుంటారా అంటే ఏమనాలి? ఎందుకో ఆ నిజాయితీ చూసే సరేనన్నాను.

నాకు షుగర్ బోర్డర్‌లో ఉంది, మూడు నెలల సగటు 6.4. స్టెరాయిడ్ వల్ల కొన్ని రోజులు షుగర్ పెరగొచ్చు, ఇంట్లో చూసుకోండి అన్నారు. రక్తం పలచబడే మందులు వాడుతున్నానా, ఏదైనా మందు పడదా అని అడిగి రాసుకున్నారు. తేదీ 19 రోజుల తర్వాత దొరికింది.

ఏప్రిల్ 8. పదింటికి రమ్మన్నారు, లోపలికి పిలిచేసరికి 11:40. గదిలో ఉన్నది మహా అయితే పావుగంట.

నర్సు ముందు చేతివేళ్లన్నీ తిప్పి చూసింది. రెండు రోజుల క్రితం చూపుడువేలికి సూది గుచ్చుకుని చిన్న ఎర్రచుక్క ఉంది. దాన్ని నొక్కి, ఇది ఎప్పటిది, చీము పట్టిందా, జ్వరం ఉందా అని నాలుగుసార్లు అడిగింది. చేతి మీద ఎక్కడైనా ఇన్ఫెక్షన్ ఉంటే ఆ రోజు సూది వేయరట, వెనక్కి పంపేస్తారు. కుట్టుపని చేసేవాళ్లు ఆ వారం అంగుళీత్రాణం (సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే టోపీ) తొడుక్కోండి. ఉంగరం కూడా తీయించారు. అది ముందే ఇంట్లో తీసుకుని వెళ్తే నయం, వాచిన కణుపు మీదుగా లాగేటప్పుడు సూది కన్నా ఎక్కువ నొప్పి పెట్టింది.

చేతిని బల్ల మీద పక్కకు పెట్టి, బొటనవేలు పైకి ఉండేలా చుట్టిన తువ్వాలు మీద ఆనించారు. మందు బాటిల్‌ను డాక్టర్ బాగా కుదిపారు. ట్రయామ్సినొలోన్ అనే స్టెరాయిడ్ అట, సుద్ద కలిపిన నీళ్లలా తెల్లగా ఉంది. దాంట్లోకే మత్తుమందు లిగ్నోకెయిన్ కొద్దిగా తీసుకున్నారు. రెండూ కలిపి సిరంజిలో ఒక మిల్లీలీటరు కూడా లేదు. ఇంత దానికా ఇన్నాళ్లు భయపడ్డాను అనుకున్నాను. కీలే అంత చిన్నది, అంతకన్నా పట్టదు అన్నారు.

చల్లటి జెల్ రాసి చిన్న అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెట్టారు. నర్సు నా బొటనవేలిని పట్టుకుని గట్టిగా ముందుకు లాగింది. అలా లాగితే ఎముకల మధ్య సందు కాస్త తెరుచుకుంటుంది, సూది వెళ్లేది ఆ సందులోకే. చర్మంలో దిగడం చీమ కుట్టినట్టే ఉంది. ఆ తర్వాత లోపలికి వెళ్లి ఎముకను తాకినప్పుడు మాత్రం ఒళ్లంతా జివ్వుమంది. మందు ఎక్కుతుంటే కోసినట్టో, పొడిచినట్టో ఉండదు. నిండిన సంచిలోకి ఇంకా కుక్కుతున్నట్టు లోపలి నుంచి ఒత్తిడి. నేను ఇరవై లెక్కపెట్టాను. పద్నాలుగు దగ్గర అయిపోయిందన్నారు, మిగతా ఆరు ఊరికే లెక్కపెట్టాను.

చిన్న ప్లాస్టర్ వేశారు. ఐదు నిమిషాలు ఆగి డాక్టర్ మళ్లీ ఫిబ్రవరిలో తిప్పినట్టే తిప్పారు. కరకర అలాగే ఉంది. నొప్పి లేదు. అసలు ఏమీ లేదు. ఏడాదిన్నరగా చేతిలో ఉన్న నొప్పి లేకపోయేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన నవ్వి, "ఇది మత్తుమందు పని, సాయంత్రానికి పోతుంది. కానీ మీ నొప్పి ఈ కీలుదే అని ఇప్పుడు ఖాయమైంది" అన్నారు. ఆ మాటను నేను సరిగ్గా వినలేదు. సాయంత్రానికి పోతుంది అన్నది నొప్పి గురించి అనుకున్నాను.

తిమ్మిరి చేత్తో బండి నడపొద్దన్నారు. ఒంటరిగా వెళ్లాను కాబట్టి చెల్లెలు వచ్చేదాకా ఇంకో గంట కూర్చున్నాను. రెండు రోజులు బరువులెత్తొద్దు, గట్టిగా పట్టొద్దు అని కాగితం ఇచ్చారు.

రాత్రి 11 గంటలకు మెలకువ వచ్చింది. బొటనవేలి మొదట్లో గుండె కొట్టుకుంటున్నట్టు పోటు. సూదికి ముందు నా నొప్పి పదికి ఏడు ఉండేది, ఇది తొమ్మిది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయాను. గుడ్డలో ఐస్ చుట్టి పావుగంట పెట్టి తీస్తూ, పారాసెటమాల్ వేసుకుని తెల్లవారేదాకా కూర్చున్నాను. ఏదో తేడా కొట్టింది, సూది ఎముకకు తగిలి పాడుచేసింది, ఇక కత్తెర మూలన పడేయాల్సిందే అని ఏవేవో ఆలోచనలు. మా ఆయన కూడా నాతో పాటే కూర్చున్నారు, ఏం చేయాలో ఇద్దరికీ తెలియదు.

ఉదయం ఫోన్ చేస్తే నర్సు మూడు ప్రశ్నలు అడిగింది. జ్వరం ఉందా? ఎరుపు పాకుతోందా? చలి వణుకు? మూడింటికీ లేదన్నాను. కొందరికి మొదటి ఒకటి రెండు రోజులు మందు రవ్వల వల్లే కీలు ఇలా మండిపడుతుంది, తగ్గిపోతుంది అంది. తగ్గుతూ వచ్చి మళ్లీ పెరిగినా, జ్వరం వచ్చినా ఆగకుండా వచ్చేయమంది. ఇచ్చిన కాగితంలో ఈ సంగతి ఉంది, రెండో పేజీలో. నేను మొదటి పేజీ చదివి మడిచి బ్యాగులో పెట్టేశాను.

రెండో రోజు బుగ్గలు ఎర్రగా కంది వేడెక్కాయి. జ్వరమేమోనని థర్మామీటర్ పెట్టుకుంటే మామూలుగానే ఉంది. ఇదీ స్టెరాయిడ్ వల్లేనట, రెండు రోజుల్లో పోయింది. పరగడుపున 110 దగ్గర ఉండే షుగర్ మూడో రోజు 151 చూపించింది, ఏడో రోజుకు మళ్లీ కిందికొచ్చింది. షుగర్ ఎక్కువున్నవాళ్లు ఆ వారం షుగర్ చూసే మిషన్ దగ్గర పెట్టుకోవాల్సిందే.

నాలుగో రోజుకు పోటు పోయింది, పాత నొప్పి మాత్రం పాత చోటే ఉంది. ఐదు, ఆరు, ఏడు అలాగే. పనిచేయని కొందరిలో నేనొకదాన్ని అని ఖాయం చేసుకున్నాను.

తొమ్మిదో రోజు, ఏప్రిల్ 17. బయటి నుంచి వచ్చి తలుపు తీసి లోపలికొచ్చి, చెప్పులు విడిచి, సంచి బల్ల మీద పెట్టాక గుర్తొచ్చింది. తాళం నేనే తీశాను. కుడిచేత్తో. తిప్పినట్టే తెలియలేదు. వెనక్కి వెళ్లి మళ్లీ తాళం వేసి తీసి చూశాను, రెండుసార్లు. పక్కింటావిడ ఏమైందని అడిగింది కూడా.

మూడో వారం నుంచి జూలై దాకా మంచి రోజులు. నొప్పి పదికి రెండు. కరకర పోలేదు, ఎత్తు పోలేదు, పట్టు కొంచెమే పెరిగింది, కానీ రాత్రి నిద్ర పట్టేది. ఇక్కడే నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. నొప్పి లేదు కదా అని జూన్‌లో కర్టెన్ల పెద్ద ఆర్డర్ ఒప్పుకున్నాను. మందపాటి గుడ్డ, రోజుకు నాలుగు గంటల కత్తిరింపు, పన్నెండు రోజులు. స్ప్లింట్ డ్రాయర్‌లో పడుంది. థెరపిస్టు నేర్పిన వ్యాయామాలు మానేశాను. తర్వాత ఈ సంగతి చెబితే ఆమె తిట్టలేదు కానీ, "నొప్పి లేని నెలలే వ్యాయామానికి పనికొచ్చే నెలలు" అంది. అది తిట్టడం కన్నా ఎక్కువే అనిపించింది.

మే చివర్లో సూది గుచ్చిన చోట కందిగింజంత తెల్లమచ్చ వచ్చింది. చర్మం అక్కడ కాస్త పలచబడి, లోపలికి నొక్కినట్టు ఉంది. బొల్లి అనుకుని బెదిరిపోయాను. చర్మం కింద కొంచెం మందు చేరితే అలా అవుతుందట, నెలలు పడుతుంది కానీ చాలావరకు రంగు తిరిగొస్తుందన్నారు. నా రంగువాళ్లకు ఇది కొట్టొచ్చినట్టు కనబడుతుంది. సంతకం పెట్టిన కాగితంలో ఇదీ ఉంది. నేను చదవలేదని మళ్లీ రాయను.

ఆగస్టు రెండో వారానికి నొప్పి తిరిగొచ్చింది. ఒక్కసారిగా కాదు. కాజాల దగ్గర మొదలై, తాళం దాకా వచ్చింది, వెళ్లిన దారినే. లెక్క చూస్తే నాలుగు నెలలు.

రెండో సూది సెప్టెంబర్ 10న. ఈసారి అన్నీ తెలుసనుకున్నాను. ఉంగరం ఇంట్లోనే తీశాను, చెల్లెల్ని వెంట తీసుకెళ్లాను, ఐస్ సిద్ధంగా పెట్టుకున్నాను. కానీ ఈసారి సూది లోపలికి వెళ్లలేదు. అంచున పెరిగిన ఎముక ముల్లు దారికి అడ్డం పడింది. ఒకసారి తీసి కోణం మార్చారు, రెండోసారి మార్చారు, మూడోసారికి దిగింది. నర్సు బొటనవేలిని లాగి పట్టుకున్నంతసేపూ నేను ఆమె జేబుకున్న పెన్ను క్యాప్ చూస్తూ కూర్చున్నాను. ఇప్పటికీ ఆ నీలిరంగు క్యాప్ కళ్ల ముందే ఉంది. విచిత్రం ఏమిటంటే ఆ రాత్రి పోటు రాలేదు. హాయిగా పడుకున్నాను. ఐదో రోజుకే ఉపశమనం తెలిసింది. అది ఏడు వారాలే నిలిచింది.

రెండోది మొదటిదాని కన్నా తక్కువ కాలం పనిచేయడం చాలామందిలో చూస్తామని నవంబర్ 12న డాక్టర్ అన్నారు. ఒకే కీలుకు ఏడాదికి మూడు, నాలుగు మించి ఇవ్వరు. నా కీలు తీరు చూస్తే మూడోది అడగడం కూడా దండగే అనిపించింది. ఆపరేషన్ గురించి అడిగాను. ట్రపీజియం ఎముకను తీసేస్తారు. ఆ ఖాళీ మెల్లగా గట్టిపడిన కణజాలంతో నిండుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలు కట్టు, పట్టు పూర్తిగా రావడానికి ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది.

మా అమ్మాయికి నవంబర్ చివర్లో పది రోజులు సెలవు దొరికింది. అప్పుడే చేయించుకుందామని అడిగితే డాక్టర్ క్యాలెండర్ చూసి తల అడ్డంగా ఊపారు. సూది వేసిన కీలుకు కనీసం మూడు నెలలు గడిస్తే గానీ కత్తి పెట్టరట, ఈలోగా చేస్తే ఇన్ఫెక్షన్ రిస్కు ఎక్కువ. సెప్టెంబర్ 10 నుంచి మూడు నెలలంటే డిసెంబర్ 10. నా మనసులో ఆపరేషన్ ఆలోచన అప్పటికే ఉంది, రెండో సూదికి ముందు ఎవరూ ఈ లెక్క చెప్పలేదు, నేనూ అడగలేదు. చెప్పి ఉంటే ఆ సూది వేయించుకునేదాన్నో కాదో. ఏడు వారాల కోసం అమ్మాయి సెలవు పోయింది.

జనవరి 7కి తేదీ ఇచ్చారు. అమ్మాయి సెలవు మార్చుకుంటానంది. అప్పటిదాకా ఒప్పుకున్నవి చిన్న పనులే. కత్తిరింపు చెల్లెలు చేస్తోంది, నేను పక్కన కూర్చుని గీత గీసి ఇస్తాను. నిన్న ఒక చేతి ముక్క అర అంగుళం పొట్టిగా కత్తిరించింది. ఇంకా ఆమెకు చెప్పలేదు, అతుకు వేస్తే కనబడదు.